కొడుకొస్తున్నాడు, మటన్ పడదట: ఏ ప్యాకెట్ కొనాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది హన్మకొండ. మా పెద్దబ్బాయి అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో ఇంటి వెనక గడ్డి కోస్తుంటే కాలికి గోమారి లాంటి పురుగు పట్టింది. పీకి పారేశాడు. తర్వాత రెండు నెలలకు స్నేహితుల ఇంట్లో మేకమాంసం కూర తిని వచ్చి పడుకుంటే, రాత్రి ఒంటిగంటకు ఒళ్లంతా దద్దుర్లు, కడుపునొప్పి, ఆయాసం. కోడలు కారులో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇంకో నెలకు మళ్లీ అదే. రక్తపరీక్ష చేసి ఆల్ఫా-గాల్ అలర్జీ అన్నారు. మేక, గొర్రె, బీఫ్, పోర్క్, జెలటిన్ ముట్టుకోవద్దన్నారు. పాలు, పెరుగు తింటున్నాడు, ఏం కావడం లేదు. ఐస్‌క్రీమ్ ఎక్కువ తిన్నరోజు మాత్రం కడుపులో గడబిడ అంటాడు. సంక్రాంతికి వస్తున్నాడు, మేడారం జాతర చూసుకొని వెళ్తాడు. కోడలు వాట్సాప్‌లో నలభై పేర్ల లిస్టు పంపింది, ఇవి ఉన్న ప్యాకెట్ ఏదీ కొనొద్దని. ఆ లిస్టు పట్టుకొని షాపులో నిలబడితే తల తిరిగింది. మన ప్యాకెట్ల మీది రాతలు నమ్మొచ్చా? ఐఎన్‌ఎస్ నంబర్లంటే ఏమిటి? మా ఆయనేమో "మటన్ తింటే దద్దుర్లొచ్చుడేంది, గిదేం రోగం" అని నవ్వుతున్నాడు. సమ్మక్కకు యాట మొక్కు కూడా ఉంది మాకు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
ఒక తల్లి, హన్మకొండ

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ ఆయన సంగతి చూద్దాం. ఆయన నవ్వితే నవ్వనీయండి. ఇరవై ఏళ్ల కింద ఈ మాట అంటే డాక్టర్లకే తెలియదు. అమెరికాలో సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు ఎక్కించినప్పుడు కొన్ని దక్షిణాది రాష్ట్రాల రోగులకు మొదటి డోసుకే ప్రాణం మీదికి వచ్చేది. మిగతా చోట్ల అలా అయ్యేది కాదు. ఆ మందులో ఆల్ఫా-గాల్ అనే ఒక రకం చక్కెర ఉందని, ఈ రోగుల ఒంట్లో దాని మీద అలర్జీ ముందే తయారై ఉందని 2008లో తేలింది. ఆ పరిశోధన చేసినవాళ్లలో వర్జీనియా యూనివర్సిటీకి చెందిన థామస్ ప్లాట్స్-మిల్స్ అనే డాక్టర్ ఉన్నాడు. ఆయన కొండల్లో నడకకు వెళ్తే కాళ్లకు వందల కొద్దీ గోమారి పిల్లలు పట్టాయి. కొన్ని నెలలకు ఓ సాయంత్రం గొర్రెమాంసం తిన్నాడు, అర్ధరాత్రి దద్దుర్లతో లేచాడు. రోగాన్ని కనిపెట్టినాయనకే రోగం వచ్చిందని మీవారికి చెప్పండి. ఇంకా నవ్వితే ఇంకో లెక్క ఉంది: 2010 నుంచి 2022 దాకా తమ దేశంలో ఈ అలర్జీ ఉందని అనుమానించదగ్గవాళ్లు లక్షా పదివేల మందికి పైగా కనిపించారని 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీయే చెప్పింది. మీ అబ్బాయి ఉండే ఆర్కన్సా ఆ పురుగు బాగా తిరిగే ప్రాంతం. దాన్ని లోన్ స్టార్ టిక్ అంటారు. ఆడదాని వీపు మీద ఒక్కటే తెల్ల చుక్క ఉంటుంది.

చక్కెర అన్నాను కదా అని చాయ్‌లో వేసే చక్కెర మానిపించకండి. దీనికీ దానికీ సంబంధం లేదు. ఆవు, బర్రె, మేక, గొర్రె, పంది, గుర్రం, ఇలా పిల్లకు పాలిచ్చే జంతువులన్నిటి ఒంట్లో ఆల్ఫా-గాల్ ఉంటుంది. మనుషుల్లో, మనకు దగ్గరి కోతిజాతుల్లో ఉండదు. అందుకే గోమారి కుట్టినప్పుడు అది ఒంట్లోకి వెళ్తే మన రక్తం పరాయిదని పట్టేసుకుంటుంది. కోడికి, చేపకు, గుడ్డుకు ఇది లేదు. అంటే నాటుకోడి పులుసు పెట్టొచ్చు, కొర్రమీను కూర పెట్టొచ్చు. అబ్బాయి పస్తులుండడు.

దీంట్లో అన్నిటికన్నా మోసం చేసేది టైము. పల్లీల అలర్జీ ఉన్నవాడికి పల్లీ నోట్లో పడ్డ కాసేపటికే తెలిసిపోతుంది. ఇది రెండు నుంచి ఆరు గంటలు ఆగి వస్తుంది. రాత్రి ఎనిమిదింటికి తిన్నది ఒంటిగంటకు లేపుతుంది. కాబట్టి "ఒక్క ముక్క తిని చూడు బిడ్డా, అరగంటలో ఏం కాకపోతే మొత్తం తిను" అనే మన ఇళ్లలోని పరీక్ష ఇక్కడ పనికిరాదు. ప్యాకెట్ చదవడమే దారి.

మీ ఉత్తరం చదివాక నేను నయీంనగర్‌లో మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్‌కు వెళ్లాను. ముప్పై ఏళ్లు ఆసుపత్రుల్లో డైటీషియన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని, అయినా ఆ అక్షరాలు నాకు కనబడవు. ఫోన్ కెమెరా తెరిచి, ప్యాకెట్ వెనక భాగం ఫొటో తీసి, వేళ్లతో పెద్దది చేసి చదువుతాను. మీరూ అలాగే చేయండి. షాపు కుర్రాడు రెండుసార్లు వచ్చి "ఏం కావాలె ఆంటీ" అన్నాడు. "చదువుకోవాలె నాయనా" అన్నాను. పాపం, మూడోసారి రాలేదు.

పదకొండు ప్యాకెట్లు చదివాను. చదివేముందు ముందువైపు గుర్తు చూడాలి. చదరం గీతలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఇదివరకు గోధుమరంగు చుక్క ఉండేది. రంగులు తేడా పట్టలేనివాళ్లకు రెండు చుక్కలూ ఒకేలా కనబడేవి. మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల్లో ఆ చుక్కను గోధుమరంగు త్రిభుజం చేశారు. ఇప్పుడు ఆకారం చూసినా చెప్పొచ్చు.

మన దేశపు చట్టంలో జంతువు నుంచి వచ్చింది ఏదున్నా, మాంసమైనా, కొవ్వైనా, జెలటినైనా, గుడ్డైనా, దానికి పచ్చ చుక్క వేయకూడదు. పాలు, పాల పదార్థాలు, తేనె, మైనం, లక్క లాంటి వాటికే మినహాయింపు. దాంతో మీ కోడలు పంపిన నలభై పేర్లలో సగానికి పైగా ఆ ఒక్క చుక్కతోనే తేలిపోతాయి. లార్డ్ అంటే పంది కొవ్వు, టాలో అంటే పశువుల కొవ్వు, జెలటిన్, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్, ఇవన్నీ పచ్చ చుక్క ప్యాకెట్లో వెతకనక్కర్లేదు. ఆ లిస్టు అమెరికా షాపుల కోసం రాసింది. అక్కడ ఇలాంటి చుక్క లేదు కాబట్టి పాపం వాళ్లు పేరు పేరునా గుర్తుపెట్టుకోవాలి.

కానీ పచ్చ చుక్క అంటే "అలర్జీ లేదు" అని మాత్రం కాదు. ఈ ముక్క నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఈ చుక్కలు వచ్చిన కొత్తలో, పాల అలర్జీ ఉన్న నాలుగేళ్ల పిల్లను వాళ్ల నాయనమ్మ తీసుకొచ్చింది. "బిస్కెట్ పెట్టొచ్చా అమ్మా" అని ప్యాకెట్ చూపించింది. నేను చుక్క చూసి "పెట్టండి" అనేశాను. వెనక తిప్పి చూడలేదు. వెనక మూడో పదం మిల్క్ సాలిడ్స్. ఆ పిల్ల పెదవులు ఉబ్బి సాయంత్రానికి మళ్లీ మా ఆసుపత్రికే వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చారు, తేరుకుంది. ఆ నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. అప్పటి నుంచి ఎవరు ఏ ప్యాకెట్ చూపించినా ముందు వెనక్కి తిప్పుతాను.

మీ అబ్బాయి విషయంలో ఆ వెనక వైపు ఎందుకంటే, పాలల్లో కూడా ఆల్ఫా-గాల్ కొంత ఉంటుంది. ఈ అలర్జీ ఉన్న చాలామందికి పాలు, పెరుగు పడతాయి. కొందరికి పడవు. కొందరికి కొవ్వు ఎక్కువున్న ఐస్‌క్రీమ్, చీజ్ లాంటివే ఇబ్బంది. మీ అబ్బాయి ఈ మూడో రకంలా కనిపిస్తున్నాడు. పెరుగు తింటున్నవాడికి మీరు భయపడి పెరుగు మానిపించొద్దు. అలాగే ఒకే పూట పాలకోవా, రబ్డీ, నెయ్యి గారెలు, పైన ఐస్‌క్రీమ్ పెట్టొద్దు. అమ్మ చేతి వంట అని వాడు కాదనడు, ఆ రాత్రి కడుపు పట్టుకొని పడుకుంటాడు. పాలు ఎంతవరకు అన్నది అక్కడి డాక్టర్‌ను అడిగి రమ్మనండి.

పాలు ఉన్నాయో లేదో తెలుసుకోవడం తేలిక. ఇంగ్రీడియెంట్స్ లిస్టు కిందనో పక్కనో "కంటెయిన్స్" అని ఒక లైను ఉంటుంది: గోధుమ, పాలు, సోయా అని. పాలు మన చట్టంలో తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల్లో ఒకటి. గుడ్డు, చేప, రొయ్య జాతి, పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, గోధుమ జాతి కూడా అందులో ఉన్నాయి. మాంసం ఆ లిస్టులో లేదు. అందుకే ఆ లైనులో "మేక" అని వెతికితే దొరకదు. మాంసం సంగతి చుక్కో త్రిభుజమో చెబుతుంది, పాల సంగతి ఈ లైను చెబుతుంది. రెండూ చూస్తే పని అయిపోయినట్టే.

నేను చదివిన వాటిలో ఉప్పు చిప్స్ ప్యాకెట్‌లో ఉన్నవి మూడే: ఆలుగడ్డ, పామోలిన్ నూనె, ఉప్పు. కళ్లు మూసుకొని పెట్టొచ్చు. పక్కనే అదే కంపెనీ క్రీమ్, ఉల్లిపాయ రుచి చిప్స్. అందులో పాలపొడి ఉంది. చుక్క రెండిటికీ పచ్చదే. కారప్పూస, బూందీ, పల్లీపట్టీల్లో పాలు లేవు. ఒక కంపెనీ పల్లీపట్టీలో మాత్రం నెయ్యి ఉంది. రస్క్‌లో పాలపొడి. స్పాంజ్ కేక్ మీద గోధుమరంగు త్రిభుజం ఉంది. నా పక్కన నిలబడ్డావిడ అది చూసి "అయ్యో నాన్‌వెజ్జా" అని వెనక్కి పెట్టేసింది. తిప్పి చూస్తే గుడ్డు ఒక్కటే కారణం. మీవాడికి గుడ్డు పర్లేదు కాబట్టి ఆ కేక్ ఏమీ చేయదు. త్రిభుజం కనబడగానే వదిలేయక్కర్లేదు, అది ఎందుకు పడిందో వెతకండి. గుడ్డయినా, చికెన్ నూడుల్స్‌లో కోడయినా సరే. జెలటినో, జంతువు కొవ్వో, మటనో అయితే వద్దు.

పిల్లలు ఎగబడే తెల్లటి మెత్తటి మార్ష్‌మెలో ప్యాకెట్ తిప్పితే జెలటిన్ అని ఉంది, త్రిభుజం ఉంది. పాయ పులుసు మిగిలితే ఫ్రిజ్‌లో పెడతాం కదా, పొద్దున చూస్తే గడ్డకట్టి గిన్నెలో కదులుతుంటుంది. ఆ జిగురే జెలటిన్. ఎముకలు, తోళ్లు ఉడికించి తీస్తారు. దాన్నే ఎండబెట్టి పొడిచేసి మిఠాయిల్లో వేస్తారు. మీ అబ్బాయికి మటన్ ముక్క ఎంతో ఇదీ అంతే. అయితే అన్ని జెల్లీలూ అలా కావు. పచ్చ చుక్క ఉన్న జెల్లీ కప్పులు పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తోనో, కారజీనన్‌తోనో చేస్తారు. కారజీనన్ సముద్రపు నాచు నుంచి వస్తుంది, ఐఎన్‌ఎస్ 407. శాకాహారమే గానీ దాని నిర్మాణంలో ఆల్ఫా-గాల్‌ను పోలిన అతుకులు ఉన్నాయి, కొద్దిమందికి అదీ పడదు. అబ్బాయి ఇదివరకు తిని ఏమీ కాకపోతే వదిలేయండి. తినకపోయి ఉంటే సెలవుల్లో కొత్త ప్రయోగం ఎందుకు.

నంబర్ల గురించి అడిగారు. ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ప్రపంచమంతా వాడే నంబర్ల పద్ధతి. నంబర్ ఉందంటే విషం అని కాదు, పసుపులోని రంగుకు కూడా నంబర్ ఉంది, 100. మీవాడికి అనుమానించాల్సినవి కొన్నే. 471 అనేది కొవ్వు నుంచి చేసే ఎమల్సిఫయర్, నూనె నీరు విడిపోకుండా పట్టి ఉంచుతుంది. బ్రెడ్‌లో, బిస్కెట్‌లో, ఐస్‌క్రీమ్‌లో ఉంటుంది. ఆ కొవ్వు పామాయిల్ కావచ్చు, జంతువుది కావచ్చు, నంబర్ ఒకటే. 470, 422 కూడా అలాంటివే. పచ్చ చుక్క ఉంటే మొక్కదే అయ్యుండాలి. త్రిభుజం ఉన్న ప్యాకెట్లో 471 కనబడితే, త్రిభుజం గుడ్డు వల్ల పడిందా కొవ్వు వల్ల పడిందా తెలియదు కాబట్టి పక్కన పెట్టండి. నూడుల్స్ మసాలాలో 627, 631, 635 కనబడతాయి, రుచి పెంచేవి. వాటికీ చుక్కే సాక్షి. మెరిసే చిన్న చిన్న రంగు చాక్లెట్ గుండ్ల మీద 904 ఉంటుంది, అది లక్క, పురుగు నుంచి వస్తుంది. వినడానికి బాగుండదు గానీ మీవాడికి దానితో పేచీ లేదు.

మీరు హన్మకొండ షాపులకు భయపడుతున్నారు. నేను భయపడేది సూట్‌కేసుకు. అమెరికా నుంచి వచ్చేవాళ్లు ఖాళీ చేతులతో రారు కదా. చాక్లెట్లు, గమ్మీలు, ప్రోటీన్ బార్లు, చిప్స్ సంచులు తెస్తారు, మీరు హాల్లో సోఫా ముందు పళ్లెంలో పోసి వచ్చినవాళ్లందరికీ పంచుతారు, వాడూ మాటల్లో పడి రెండు నోట్లో వేసుకుంటాడు. వాటి మీద చుక్కా లేదు, త్రిభుజమూ లేదు. "నేచురల్ ఫ్లేవర్స్" అని ఒక మాట ఉంటుంది. అది మొక్కదా జంతువుదా అని అందులో తెలియదు. మోనో అండ్ డైగ్లిసరైడ్స్ అని ఉంటుంది, అంటే మన 471, అది కూడా దేని కొవ్వో రాయరు. తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ లిస్టు అక్కడా ఉంది, 2021లో చట్టం చేసి నువ్వుల్ని తొమ్మిదోదిగా చేర్చారు గానీ ఆల్ఫా-గాల్ అందులో లేదు. గమ్మీలు చాలావరకు జెలటిన్‌వే. అక్కడ వాడు రోజూ చదువుకొనే కొంటాడు, నిజమే. కానీ బంధువుల పిల్లల కోసం కొన్నవి చదివి కొనడు. వాటిని విడిగా ఒక సంచిలో కట్టి, పిల్లలకు ఇచ్చేసి, పళ్లెంలో పోయకండి.

ఇంకో సంగతి, మందులు. జలుబుకో జ్వరానికో మెడికల్ షాపుకు వెళ్తే ఇచ్చే క్యాప్సూల్స్ చాలావాటికి పైన గొట్టం జెలటిన్‌దే. విటమిన్-ఇ, చేపనూనె మెత్తటి గోళీల తొడుగూ అదే. చేప పడుతుంది గానీ తొడుగు పడకపోవచ్చు. టాబ్లెట్ రూపంలో ఉందా అని అడగండి. చెకప్‌కు వెళ్లినా, పంటికి వెళ్లినా, ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ముందు ఈ అలర్జీ మాట చెప్పించండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పంది నుంచి తీస్తారు, అలాంటివి కొన్ని ఆసుపత్రి వాడకంలో ఉన్నాయి. పొలాలకు వెళ్తారు కాబట్టి ఇంకొకటి కూడా. మన దగ్గర పాముకాటుకు ఇచ్చే విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. అలర్జీ ఉందని ఆ మందు మానేయకూడదు, ప్రాణం పోతుంది. డాక్టర్‌కు ముందే చెబితే, అలర్జీ ముదిరితే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కన పెట్టుకొని ఇస్తారు.

సకినాలు చేయండి చెల్లెమ్మా. నానబెట్టి పట్టించిన బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నూనె. పాలు లేవు, నెయ్యి లేదు, చదవాల్సిన లేబుల్ లేదు. సర్వపిండి కూడా అంతే. మా అమ్మ పాత చీర పరిచి, తొమ్మిదింటికి మొదలుపెట్టి, సాయంత్రం దాకా చుడుతూనే ఉండేది. నేను రెండు చుట్లు తిప్పగానే నాది తెగిపోయేది. గరిజెలు చేస్తే వాడికి కొన్ని నెయ్యి లేకుండా, నూనెలో వేయించి తీయండి. బయటి సమోసాలు, మిర్చి బజ్జీల దగ్గర నూనెలో ఇంకేం వేశారో అడగండి. కీమా సమోసాలు వేసిన బాండీలోనే ఉల్లిగడ్డ సమోసా వేస్తే, మసాలా మారుతుంది గానీ నూనె మారదు. పెళ్లి విందులో చికెన్ ఉంది కదా అని కూర్చోబెట్టకండి. మటన్ గరిటే చికెన్ డేక్సాలోకి వెళ్లడం మీరూ చూసే ఉంటారు.

మొక్కు సంగతి. యాట మొక్కు మీది, తినాల్సిన బాధ్యత వాడిది కాదు. మేడారం వెళ్లి యాటను కోసినా, వాడికి వేరే గిన్నె, వేరే గరిట, వేరే పొయ్యి పెట్టి కోడి వండండి. ఎదురుకోళ్లు ఎలాగూ తీసుకెళ్తారు. మా ఇంటాయన మోకాళ్ల నొప్పులప్పుడు మేము నిలువెత్తు బంగారం మొక్కుకొని, ఆయనతో సమానంగా బెల్లం తూచి ఇచ్చాం. మీ అబ్బాయి పేరు మీద అది మొక్కుకోమని నా సలహా, తల్లి కాదనదు. జాతరలో బావలు, మరుదులు కల్లు పోస్తారు. మందూ, కల్లూ, ఎక్కువ నడకా ఈ అలర్జీని ఉసిగొల్పుతాయి. పొరపాటున కొద్దిగా మటన్ రసం తగిలినా, కల్లు తోడైతే ఎక్కువవుతుంది. బోటి, కాలేయం, కాళ్లు, తలకాయ కూర వాడి పళ్లెం దగ్గరికే రానివ్వొద్దు, మెత్తటి మాంసం కన్నా వాటితోనే ఎక్కువ ప్రమాదం.

అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను అక్కడి డాక్టర్ ఇచ్చి ఉంటే రెండు తెచ్చుకోమనండి, ఎప్పుడూ జేబులోనే ఉండాలి. ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, దద్దుర్లతో పాటు ఆగని వాంతులు, వీటిలో ఏది కనబడినా పెన్ను తొడకు గుచ్చి 108కి ఫోన్ చేయండి. అలర్జీ గోళీ ఇచ్చి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మీ ఆయనకు కూడా పెన్ను గుచ్చడం నేర్పండి. రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చేది ముసలివాళ్లకే కదా.

ప్రశ్న: మేము గొర్రెలు కాస్తాం. మాకు గోమార్లు కుట్టడం మామూలే, చిన్నప్పటి నుంచి కుడుతున్నాయి. ఈ జబ్బు మాకు రాదా? వస్తే మటన్ మానేయాలా?
ఒక పాఠకుడు, హుస్నాబాద్ దగ్గరి ఊరు

జవాబు: కుట్టిన ప్రతివాడికీ రాదు తమ్ముడూ. ఆ పురుగుల్లోనే రకరకాలు. ఆస్ట్రేలియాలో, యూరప్‌లో, జపాన్‌లో వేరే రకాల పురుగుల వల్ల కూడా ఇది వచ్చింది గానీ, రక్తంలో ఈ అలర్జీ గుర్తు కనబడినవాళ్లలో కూడా ఎంతోమంది హాయిగా మటన్ తింటూనే ఉంటారు. ఏ ఇబ్బందీ లేనివాళ్లు పరీక్షలకు డబ్బు పెట్టక్కర్లేదు. మటన్ తిన్న రాత్రుల్లో, రెండు మూడు సార్లు, నిద్రలో దురద, దద్దుర్లు, కడుపు మెలిపెట్టడం వస్తే మాత్రం డాక్టర్‌కు చెప్పండి. గోమార్ల మాట మీరే ఎత్తండి, ఆయన అడగకపోవచ్చు. మందలో తిరిగి వచ్చాక చంకల్లో, నడుము దగ్గర, మోకాలి వెనక చూసుకోండి. పట్టి ఉంటే సన్నటి చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకొని నిదానంగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, బీడీతో కాల్చడం వద్దు. మళ్లీ మళ్లీ కుడుతుంటే అలర్జీ పెరుగుతుంది. కుట్టకుండా ఏళ్లు గడిస్తే కొందరికి తగ్గిపోతుంది కూడా. హన్మకొండ తల్లి ఈ మాట చదువుతుంటే ఆమెకూ ఇది పనికొస్తుంది: అబ్బాయిని గడ్డి కోసేటప్పుడు పొడుగు ప్యాంటు, సాక్సు వేసుకోమనాలి.

ప్రశ్న: ఆల్ఫా-గాల్ ఉన్నవాళ్లు మేకపాలు తాగొచ్చా? ఆవుపాల కన్నా మంచివంటారు కదా.
జగిత్యాల నుంచి

జవాబు: మేక కూడా పాలిచ్చే జంతువే. ఆవుపాలు పడనివాళ్లకు అదీ పడకపోవచ్చు.